బిడ్డను పిట్ట చేసిన నవల

కొన్ని పుస్తకాలు చదివితే నిద్ర వస్తుంది, కొన్ని చదివితే కోపం వస్తుంది. ఒక్క పుస్తకం మాత్రం నాకు తీరని వెగటు మిగిల్చి పోయింది. దాని పేరు చెప్పను. ఎవరైనా వెతికి పట్టుకుంటారని కాదు, ఆ పేరు పలికితే ఇప్పటికీ నోరు చేదవుతుంది. గుడియాత్తంలో ఒక మగ్గాల యజమాని రాసిన నవల అది. ఆయన నవల రాయడం వల్ల ఎవరికీ నష్టం లేదు. లోకంలో చెత్త నవలలకు కరువా? అది బాగాలేదని అన్నందుకు ఆయన చేసిన పని ఉంది చూడండి, అదే నాకు గొంతులో అడ్డం పడి ఉండిపోయింది.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్తల్లో నాకు గుడియాత్తంలో ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు వేలూరులో. మేము తెలుగు క్రైస్తవులం. మా నాయనమ్మది కనియంబాడి పక్కన ఒక పల్లె. ఆమెకు చదువు లేదు. అందుకని ప్రతి సాయంత్రం నన్ను కూర్చోబెట్టి బైబిల్లో వాక్యం చదివించేది. నాకు తెలుగు వచ్చింది అలాగే, బడిలో కాదు. చిత్తూరు అటు ఆంధ్రకు వెళ్లింది, మేము ఇటు మద్రాసు వైపు మిగిలిపోయాం అని పేపర్లో వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు, ఎవరూ సంబరపడలేదు. మా నాన్న మాత్రం భోజనం చేస్తూ, "ఇంట్లో మాట్లాడేదానికి ఎవురి ఉత్తరువు కావాల?" అన్నాడు. ఇంట్లో మాట్లాడటానికి అక్కర్లేదు, నిజమే. బడిలో చదవడానికి మాత్రం కావాలని నాకు గుడియాత్తం వెళ్లాక తెలిసింది.

నేత వీధికి దగ్గరగా ఉన్న బడిలో ఒక గది తెలుగు పిల్లలది. ఆ గదికి నేనొక్కదాన్నే టీచర్ని. ప్రతి జూన్‌లో తెలుగు కావాలని చేరే పిల్లలు తగినంతమంది ఉంటేనే ఆ గది ఉంటుంది. తగ్గితే గది మూసేస్తారు, పిల్లలు తమిళ తరగతుల్లో కలిసిపోతారు. చేరేవాళ్లందరూ మగ్గాల ఇళ్ల పిల్లలే. ఆ మగ్గాల్లో చాలా భాగం ఒకే మనిషివి. వీధిలో ఆయన్ని అందరూ మొదలాళి అనేవాళ్లు, యజమాని అని అర్థం. ఆయన తల ఊపితే పిల్లలు నా గదికి వచ్చేవాళ్లు. ఊపకపోతే రారు. నా ఉద్యోగం సంగతి పక్కన పెట్టండి, ఆ వీధిలో తెలుగు అక్షరం ఆయన తల ఊపు మీద వేలాడుతూ ఉండేది.

ఆ పిల్లల తల్లిదండ్రులు పొద్దున లేచింది మొదలు తెలుగే మాట్లాడేవాళ్లు. చదవడం మాత్రం, వచ్చినవాళ్లకు, తమిళమే వచ్చేది. బస్సు మీద తమిళం, సినిమా గోడ మీద తమిళం, మందు సీసా మీద తమిళం. తెలుగు నోటికి, తమిళం కంటికి అన్నట్టు పంచుకుని బతికేవాళ్లు. నేను చేరిన ఏడాది ఒక తల్లి తన కూతుర్ని దిగబెట్టడానికి వచ్చి, ఆ పిల్ల పలక మీద 'కండె' అని రాసి చదివితే వింతగా చూసింది. ఇంట్లో రోజంతా ఆమె నూలు చుట్టేది కండెలకే.

"మేము మాట్లాడేది గూడా రాయొచ్చునా టీచరమ్మా?" అని అడిగింది.

రాయొచ్చు అన్నాను. నేను ఆ గదిని అంత పట్టుకుని వేలాడటానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

ఇక నవల సంగతి. మొదలాళి ఒకసారి వేలూరులో ఏదో తెలుగు సభకు వెళ్లాడు. అక్కడ ఒక వక్త, ఈ ప్రాంతంలో తెలుగువాళ్లున్నారని చెప్పడానికి మన రచనలేవి అని నిలదీశాడట. ఈయన ఆ మాట తననే అడిగినట్టు ఇంటికి మోసుకొచ్చాడు. ఆ రాత్రే నవల మొదలుపెట్టానని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. సభలో కన్నీళ్లు పెట్టుకున్నాడని కూడా విన్నాను. పెట్టుకునే ఉంటాడు. ఆయనకు కన్నీళ్లు తొందరగా వస్తాయి, నవల నిండా అవే.

చిక్కేమిటంటే ఆయనకు తెలుగు అక్షరాలు రావు. తెలుగు నవలను తమిళ అక్షరాల్లో రాశాడు. ఇది మా వైపు వింతేమీ కాదు, పాటలూ మందుల చిట్కాలూ అలా రాసుకున్నవాళ్లు ఇంటింటా ఉంటారు. తమిళంలో క, గ రెండింటికీ అక్షరం ఒకటే. త, ద ఒకటే. ట, డ ఒకటే. ప, బ ఒకటే. ఆ మాట తెలిసినవాడు చదువుకుంటే ఎక్కడ ఏది పలకాలో వాడి నోటికి తెలుసు. తెలియనివాడి చేతిలో పడితేనే గోవిందా. ఈయన ఆ కాగితాల కట్ట తీసుకెళ్లి వేలూరులో పెళ్లి పత్రికల కోసం తెలుగు అచ్చులు పెట్టుకున్న ఒక ప్రెస్సులో ఇచ్చాడు. అక్కడ అక్షరాలు కూర్చే అతను తమిళుడు. ఏ తమిళ అక్షరానికి ఏ తెలుగు అక్షరమో అతనికి తెలుసు, తెలుగు తెలియదు. కనిపించిన ప్రతి అక్షరానికీ జోడీలో మొదటిదే పెట్టుకుంటూ పోయాడు, తమిళ మాటలా కనిపించినది మాత్రం తమిళంలో పలికినట్టు కూర్చాడు. అతన్ని అనడానికి ఏమీ లేదు.

అచ్చుకు ముందు నాకైనా చూపించి ఉండొచ్చు. నా బడి ఆయన ఇంటి నుంచి కూతవేటు దూరం. చూపించలేదు. ముందుగా చూపిస్తే ఎవరైనా కథ దొంగిలిస్తారని భయపడ్డాడని ఆయన గుమాస్తా చెప్పాడు. ఆ కథను దొంగిలించే దరిద్రం ఎవరికి పడుతుందో నాకు ఇప్పటికీ అంతు పట్టదు.

పుస్తకం నా చేతికి ఒక శనివారం వచ్చింది. అట్ట మీద ఊరి పేరే 'కుడియాత్తం' అని ఉంది. అక్కడే మూసేయాల్సింది. ఆ రోజు బస్సులో వేలూరు వెళ్లి, ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా నాయనమ్మ పక్కన కూర్చుని తెరిచాను. ఏ పుస్తకం తెచ్చినా ఆమెకు చదివి వినిపించాల్సిందే. మొదటి వాక్యం, 'చల్లని కాలి వీచింది.' గాలి కాలై వీచింది. రెండో పేజీలో నాయికకు 'పాత' ఎక్కువైంది, అంటే బాధ. ఆమె పొద్దున్నే తలంటుకుని రోజూ 'కుడికి' వెళ్లేది. గుడికి అన్నమాట. తమిళంలో కుడి అంటే తాగడం కాబట్టి, ఆ మాట వినగానే మా నాయనమ్మ, "పొద్దున్నేనా, పాపిష్టిది" అంది.

నేను నవ్వుతూ చదివాను. సగం అయ్యేసరికి నవ్వు పోయింది. అచ్చు తప్పులు సరే, వాటి కింద ఉన్నది ఇంకా అధ్వానం. నాయిక జమీందారు కూతురు. నాయకుడు సముద్రాలు దాటి చదువుకుని వచ్చిన వ్యాపారి. వాడి మీసం, ఉంగరాలు, నడక, దానగుణం చదువుతుంటే మొదలాళే కళ్ల ముందు తిరిగాడు. ప్రతి ప్రకరణంలో ఎవరో ఒకరు మూర్ఛపోతారు. మాట్లాడితే ఓ ప్రాణేశ్వరీ, ఓ హృదయేశ్వరా. ఇంట్లో దీపం వెలిగించమని చెప్పడానికి కూడా నాయకుడు అరపేజీ తీసుకుంటాడు. పుట్టినప్పటి నుంచి మగ్గాల మధ్య పెరిగిన మనిషి రాసిన పుస్తకంలో మగ్గం రెండుసార్లు వచ్చింది. ఒకసారి నాయిక దాని ముందు కూర్చుని వీణ వాయించినట్టు వాయించింది. రెండోసారి ఒక నేసేవాడు నూలు దొంగతనం చేసి పట్టుబడి, నాయకుడి కాళ్ల మీద పడి, క్షమాపణ పొంది, కృతజ్ఞతతో చచ్చిపోయాడు. అది చదివినప్పుడు నాకు నిజంగా కంపరం పుట్టింది. వాళ్ల చెమట మీద మేడ కట్టుకున్నవాడు, వాళ్లకు తన పుస్తకంలో ఇచ్చిన చోటు అది.

చివర్లో నాయిక చనిపోతూ తన బిడ్డను నాయకుడికి అప్పగిస్తుంది. తమిళ అక్షరాల్లో బిడ్డకూ పిట్టకూ తేడా లేదు. అచ్చులో, 'నా పిట్టను నీ చేతుల్లో పెటుతున్నాను, తేవుటే నీకు తోటు' అని పడింది. మా నాయనమ్మ వాక్యం విన్నంత శ్రద్ధగా వింటూ, "ఎందుకట్ల పిట్టనెత్తుకోని ఏడస్తా ఉండాది? వదిలేస్తే అదే ఎగిరిపోతాది గదా" అంది.

తర్వాతి వారం సభ. మగ్గాల షెడ్డులో పెట్టారు. ఎప్పుడూ టకటకలాడే షెడ్డు ఆ పూట నిశ్శబ్దంగా ఉంది. పడుగులు పక్కకు చుట్టి పెట్టి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంటల మీద పలకలు పరిచి, నేసేవాళ్లందర్నీ వరసగా కూర్చోబెట్టారు. వేలూరు నుంచి ఒక వకీలు వచ్చాడు, పుస్తకం అట్ట కూడా సరిగా చూడని మనిషి. నా తరగతి పిల్లలు శుభ్రంగా తలలు దువ్వుకుని ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లకు చేతికో పుస్తకం ఇచ్చారు. ఆ ఊళ్లో దాన్ని చదవగలిగినవాళ్లు వాళ్లే కదా. మా హెడ్మాస్టరు నన్ను పక్కకు పిలిచి, "రెండు మంచి మాటలు చెప్పి దిగి రామ్మా. జూను వస్తా ఉండాది" అన్నాడు. ఆయన భయం న్యాయమైనదే.

చెప్పాను. ఈ ఊళ్లో తెలుగు పుస్తకం అచ్చు కావడం సంతోషమని చెప్పాను. అది అబద్ధం కాదు. దిగబోతుంటే మొదలాళి చెయ్యెత్తి ఆపాడు.

"ఆ చచ్చిపోయే కాడ చదువమ్మా. అందురూ వినాల."

తప్పలేదు. నేను తరగతిలో ఒక వాక్యం చదివితే, పిల్లలు పుస్తకంలో వేలు పెట్టుకుని అదే వాక్యం అందరూ కలిసి చదవడం మా అలవాటు. నోటికొచ్చింది కాదు, కంటికి కనిపించింది చదవాలని వాళ్లకు నూరిపోశాను. తెలుగు నోటినిండా ఉన్న పిల్లలు ఊహించి చదివేస్తారు, అక్షరం చూడరు, అందుకని. అక్కడ కూడా నేను గొంతెత్తగానే పిల్లలు అలవాటు ప్రకారం పుస్తకాలు తెరిచి వేళ్లు పెట్టారు. నేను ఆయన పరువు కాపాడదామని సరిదిద్ది, "నా బిడ్డను నీ చేతుల్లో పెడుతున్నాను" అని చదివాను.

"నా పిట్టను నీ చేతుల్లో పెటుతున్నాను" అన్నారు పిల్లలందరూ ఒక్క గొంతుతో.

వెనక కండెలు చుట్టే ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆపకుండా, "దేవుడే నీకు తోడు" అన్నాను. "తేవుటే నీకు తోటు" అన్నారు పిల్లలు, ఎంతో ముద్దుగా, తప్పు లేకుండా చదివామన్న ధీమాతో. ఇక షెడ్డంతా నవ్వు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ముసలివాళ్లు మగ్గం కొయ్యలు పట్టుకుని వంగిపోయి నవ్వారు. వకీలుకు ఏమీ అర్థం కాక చప్పట్లు కొట్టాడు.

మొదలాళి పుస్తకం తెరిచి చూసుకున్నాడు. చదవలేడు. మళ్లీ మా ముఖాలు చూశాడు. ఏం జరిగిందో తెలియక పెద్దమనిషి అలా నిలబడి ఉంటే నాకు జాలేసింది. ఆ జాలి ఎక్కువ కాలం నిలవలేదు, ఆయనే నిలవనివ్వలేదు.

మర్నాడు పొద్దున కబురు పంపాడు. వెళ్లాను. నూలు కట్టల మధ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లింది.

"నిజం చెప్పమ్మా. నవల ఎట్లుండాది?"

"అచ్చు తప్పులు చాలా ఉన్నాయి అయ్యా" అన్నాను. జూను నా మనసులో తిరుగుతూనే ఉంది.

"అది ప్రెస్సోని తప్పు. వాని సంగతి నేను చూసుకుంటా. నేను అడిగేది కథ. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుస్తాది. చెప్పు, నేనేం అనుకోను."

నేనేం అనుకోను అన్న మాట నమ్మకూడదని నాకు ఆ వయసులో తెలియదు. తెలిసినా చెప్పేదాన్నేమో. అడిగింది ఆయన, చదివింది నేను, ఇంకెవరు చెబుతారు?

"మీ నవలలో ఎవరూ మనమాదిరి మాట్లాడరయ్యా."

"నవలంటే మనమాదిరి మాట్లాడేదా? గొప్పగా ఉండొద్దా?"

"మీకు తెలిసింది మగ్గం. అది పుస్తకంలో లేదు. నేసేవాడు ఒకే ఒక్కడు వచ్చినాడు, వాడూ దొంగ."

"దొంగలు లేరా?"

"ఉంటారు. మీ పుస్తకంలో నేసేవాళ్లు అంటే వాడొక్కడే కదా. నిన్న మీ ముందర కూర్చున్నవాళ్లకు ఏమనిపిస్తుంది?"

ఆయన ఉంగరం తిప్పుకుంటూ ఉన్నాడు. నేను ఇంకా మంచి చేస్తున్నాననుకుని, సాయంత్రం బడి వదిలాక ఒక గంట వస్తే తెలుగు అక్షరాలు నేర్పుతానని, మీ మాట మీకే చదువుకోవడం వస్తుందని, ఆ తర్వాత ఇద్దరం కూర్చుని వాక్యం వాక్యం సరిచేద్దామని చెప్పాను. అప్పుడు పేలాడు.

"నన్ను పలక పట్టుకోని నీ ముందర కూసోమంటావా? మా నాయన సచ్చిన దినం గూడా ఈ వీదిలో మగ్గం నిలబళ్లేదు. పాడె పోతా ఉంటే పక్కనే నాడె ఆడతానే ఉండె. మా యమ్మ ఏడ్సేది గూడా ఆ సద్దులో ఎవురికీ ఇనపళ్లేదు. అట్లాంటిది నా పుస్తకానికి నిలిపినాను. మగ్గాలన్నీ నిలిపి, కూసోబెట్టి, కాఫీ పోసి సదివిస్తే నన్ను జూసి నగతారా? నా కూడు తిని, నా గుంతలో కాళ్లు పెట్టుకోని?"

దారం మోసుకుని నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడులో తల్లి ఏడుపు వినపడలేదట. నవలంతా గాలించినా దొరకని మాట ఆయన నోట్లో నుంచి ఊరికే ఊడిపడింది. నాకు ఉత్సాహం ఆగలేదు.

"అయ్యా, ఇప్పుడు మీరన్నారే, అది రాయండి. అదే నవల."

ఆయన ముఖం నల్లబడింది. గుండె చించి చూపిస్తే మెచ్చుకుని మార్కులేసినట్టు తోచిందో ఏమో.

"తిట్టేది గూడా నీకు ఎగతాళిగా ఉండాదా" అన్నాడు మెల్లగా. "లే అమ్మా. పో."

ఆ వారంలోనే మిగిలిన పుస్తకాలన్నిటికీ లోపలి వైపు ఒక చీటీ అంటించారు. తప్పొప్పుల పట్టిక కాబోలనుకున్నాను. అదే ప్రెస్సు, అదే చెయ్యి. 'ఇతి కుడియాత్తం తెలుకు. ఇంతులో తప్పు లేతు' అని ఉంది. ఇది గుడియాత్తం తెలుగు, ఇందులో తప్పు లేదు అని ఆయన అభిప్రాయం. చూసి నవ్వినవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు, చీదర పుట్టింది. ఆ వీధిలో బిడ్డను పిట్ట అన్న తల్లి ఎక్కడుంది? గాలిని కాలి అన్న ముసలాయన ఎవరు? వాళ్లు మాట్లాడే చక్కని తెలుగును పుస్తకంలోకి రానివ్వలేదు సరే, తన తప్పులన్నిటినీ తెచ్చి వాళ్ల నోటికి అంటగట్టాడు. ఒక్కసారి తప్పయిందని ఒప్పుకుంటే పోయేదానికి ఊరి భాషనే అడ్డం పెట్టుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కూలి ఇచ్చే రోజున నేసేవాళ్లను నిలబెట్టి చాలా మెత్తగా చెప్పాడట. "ఇది అరవనాడు అయిపోయింది. తెలుగు సదివి బిడ్డలు యాడ పోతారు? అరవం సదివితే నాలుగు మెతుకులు దొరుకుతాయి. మీ మంచికే చెప్తా ఉండా." ఆ మాటలో అబద్ధమేమీ లేదు, అదే నాకు ఒళ్లు మండించింది. ఎవరైనా తండ్రి తన బిడ్డ గురించి ఆలోచించుకుని ఆ మాట అంటే నేను తల వంచేదాన్ని. నిన్నటిదాకా తెలుగు కోసం సభలో కన్నీళ్లు కార్చినవాడు, తన నవల చూసి నవ్వారన్న కసితో అదే మాట అంటే ఏమనాలి? నవ్వింది పెద్దవాళ్లు. చదివింది పిల్లలు. శిక్ష చదివినవాళ్లకు పడింది.

జూన్‌లో హెడ్మాస్టరు వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. నా పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు, నా కళ్లు తప్పించుకుంటూ తమిళ వరసలో నిలబడ్డారు. కండె అని రాసిన పిల్ల కూడా. దాని తల్లి నా దగ్గరికి వచ్చింది.

"నీ మింద కోపం లేదు టీచరమ్మా. మగ్గం ఆయనది. మేము ఆయన మాట మీరేదెట్ల?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "దీనికి ఆ అక్షరాలు మరిసిపోకుండా ఉండేదానికి దారి యాడన్నా ఉండాదా?" అని అడిగింది.

సాయంత్రం నా గదికి పంపమన్నాను. కొన్నాళ్లు వచ్చింది. తర్వాత సాయంత్రాలు కండెలు చుట్టే పని పడి మానేసింది. మా తరగతి గదిలోకి తమిళ ఐదో తరగతి వచ్చింది. నన్ను వేలూరుకు మార్చారు. ఒక చెత్త నవల గురించి నిజం చెప్పినందుకు ఒక వీధి పిల్లలకు అక్షరం పోయిందని బయటివాళ్లకు చెబితే నమ్మరు. నేను కూడా ఎవరికీ చెప్పడం మానేశాను.

కొన్నేళ్లు గడిచాయి. ఆంధ్ర నుంచి తిరుత్తణి కూడా ఇటు వచ్చి చేరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వేలూరులో మా ఇంటి ముందు మొదలాళి నిలబడి ఉన్నాడు. చంకలో లుంగీ గుడ్డలో చుట్టిన కట్ట. మనిషి తగ్గాడు, జుట్టు నెరిసింది. ఇంటికి వచ్చినవాడిని పొమ్మనలేక కూర్చోమన్నాను.

"ఇంకొకటి రాసినా అమ్మా" అన్నాడు. "నువ్వు చెప్పినట్టే రాసినా."

ఒకటి అయింది కదా, చాలదా అని నోటిదాకా వచ్చింది. ఆయన నా జవాబు కోసం ఆగలేదు. కట్ట విప్పి, కళ్లజోడు పెట్టుకుని, తమిళ అక్షరాల్లో ఉన్న తన తెలుగును చదవడం మొదలుపెట్టాడు. వానాకాలంలో మగ్గం గుంటలో నీళ్లు ఊరుతాయి. ఒక నేసేవాడు ఆ నీళ్లలోనే కాళ్లు పెట్టుకుని నేస్తుంటాడు, పండగ లోపల బట్ట దింపాలి. కాళ్లు తిమ్మిరెక్కి తొక్కుడు కర్ర యాడుండాదో తెలియడం లేదు. పెళ్లాం వచ్చి వేడి గంజి అతనికి తాగడానికి కాకుండా గుంటలో పోస్తుంది, కాళ్లకు కాస్త వేడి తగలనీ అని. "తాగేది పోస్తివేమే" అంటాడు అతను. "కాళ్లుంటే రేపు తాగుదువులే" అంటుంది ఆమె.

ఒక్కరూ మూర్ఛపోలేదు. నాకు ఒళ్లు జలదరించింది. బాగుంది. చెత్తగా ఉండి ఉంటే నవ్వుకుని పంపేసేదాన్ని, ఆ సుఖం కూడా నాకు దక్కనివ్వలేదు ఈ మనిషి.

"దీన్ని నువ్వు తెలుగు అక్షరాల్లో రాసియ్యాల. నువ్వైతే తప్పులు రావు" అన్నాడు.

"ఎవరు చదువుతారయ్యా?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "మన వీది బిడ్డలు సదవరా? ఆ పొద్దు అంతమంది ఒక్క గొంతుతో సదివినారే."

నిజంగానే అడిగాడు. అందులో వెటకారం లేదు, పశ్చాత్తాపమూ లేదు. తాను చేసింది ఆయనకు గుర్తే లేదు. నేను ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని కుళ్లిపోయింది ఆయనకు ఒక కూలి రోజు ఊరికే అన్న మాట.

"ఇప్పుడు వాళ్లకు రాదు. మీరే మాన్పించినారు" అన్నాను.

చాలాసేపు కాగితాలు సర్దుకున్నాడు. గుర్తొచ్చిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. "అట్లయితే అరవ అక్షరాల్లోనే ఉండనీ" అన్నాడు చివరికి. "వాళ్లకు అవి వస్తాయి గదా."

అలాగే అచ్చు వేయించాడు. తెలుగు మాట, తమిళ అక్షరం. మాట తెలిసినవాళ్లే చదివారు కాబట్టి ఎవరూ ఎక్కడా తడుముకోలేదట. మగ్గాల దగ్గర ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు నేస్తూ విన్నారట. కండె అని రాసిన ఆ పిల్ల, అప్పటికి పెళ్లీడుకొచ్చింది, వాళ్లమ్మకు మొత్తం చదివి వినిపించిందట, వాళ్లమ్మ ఏడ్చిందట. ఇదంతా పుస్తకం తెచ్చిచ్చిన గుమాస్తా చెప్పాడు. తమిళం నాకూ బాగానే వచ్చు. ఆ పుస్తకం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. నేను చదవలేదు.